తెరలక్క గోడ

తెరలక్క ఇంట్లో గోడ ఎక్కడమంటే మాటలు కాదు. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, సంచిలో ఒక బొమ్మ పెట్టుకుని ఆమె మేడమెట్లు ఎక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంటూ గొంతు సవరించుకునేవాళ్ళకు కొదవ ఉండేది కాదు. నాటకాల వెనక కట్టే తెరలు, ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక వేలాడే తెరలు రాస్తుంది కాబట్టి ఆమెకు తెరలక్క అని పేరు పడిపోయింది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆమె వద్దన్నదీ లేదు, మురిసిపోయిందీ లేదు.

ఆమె పని అంతా భారీ కొలతల్లో ఉండేది. షెడ్డులో నేలంతా గుడ్డ పరిచి, పొడుగాటి కర్రకు కుంచె కట్టుకుని, వట్టి కాళ్ళతో గుడ్డ మీద అటూ ఇటూ నడుస్తూ రంగు వేసేది. మబ్బుకి చీపురు, ఆకుల గుబురుకి స్పాంజి ముక్క. అలాంటి మనిషి ఇంటికొచ్చి గోడకు తగిలించుకునేవి మాత్రం జానెడు బొమ్మలు. అవీ తనవి కావు, పరాయివాళ్ళవి. ఎవరిదైనా బొమ్మ నచ్చితే వాళ్ళకొక తెర రాసిచ్చి, బదులుగా ఆ బొమ్మ తెచ్చుకునేది. తను రాసిన గుడ్డపీలిక కూడా ఇంట్లో కనబడేది కాదు. పొద్దుగూకే దాకా నా మొహం నేను చూసుకున్నది చాలదా అనేది.

ఆ ఇంట్లో ఒక పరీక్ష ఉంది. ఆమె భోజనానికి కూర్చునే చోటుకి సరిగ్గా ఎదురుగా గోడకొక మేకు ఉంటుంది. కొత్తగా వచ్చిన బొమ్మ ఏదైనా ముందు ఆ మేకు ఎక్కాల్సిందే. తెరలక్క పళ్ళెం ముందు పెట్టుకుని తింటుంది. తింటూ తింటూ ఉండగా ఆమె చెయ్యి ఆగి, తల దానంతటదే పైకి లేచిందా, బొమ్మ గెలిచినట్టు. లేవలేదా, మర్నాడు పొద్దున్నే కాగితం చుట్టి తెచ్చినవాడి చేతికి ఇచ్చేసేది. ఎందుకు నచ్చలేదక్కా అని అడిగితే, కడుపు నిండా తిన్నాను అనేది. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టినవాడు లేడు. ఆ మాట విని ఇంటికి పోయి రెండురోజులు మంచం దిగనివాళ్ళు ఉన్నారని చెప్పుకునేవారు. దిగక ఏం చేస్తారు లెండి, మళ్ళీ నెల తిరక్కుండా ఇంకోటి పట్టుకుని వచ్చేవాళ్ళు.

అలా గెలిచి నిలబడ్డ బొమ్మలు ఆ రెండు గదుల్లోనూ ఉండేవి. స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్న బస్సు డ్రైవరు ఒకటి, వట్టి పెన్సిలు గీతలు. బట్టలు పిండుతున్న ఆడమనిషి వీపు ఒకటి. మంగలి కుర్చీలో కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తిన ముసలాయన ఒకటి. కుర్చీ వెనక్కి వేలాడేసిన తడికోటు ఒకటి. వేసినవాళ్ళల్లో పేరున్నవాడు ఒక్కడూ లేడు. బోర్డులు రాసేవాళ్ళు, బడిలో డ్రాయింగు మాస్టార్లు, ఒకావిడైతే బట్టలకొట్టులో ధరచీటీలు రాసేది. వాటిని ఆమె వరసగా తగిలించేది కాదు. నిద్రపోయే డ్రైవరు నేలకి దగ్గరగా ఉండేవాడు. కూర్చుని చూడాలట, నిద్రపోయేవాణ్ణి నిలబడి చూడకూడదట.

ఇన్ని బొమ్మలున్న ఆ ఇంట్లో సొంత తమ్ముడి బొమ్మ ఒక్కటీ లేదు.

తమ్ముడు బొమ్మలు వేయనివాడైతే గొడవే ఉండేది కాదు. ఊరంతా ఎరిగిన క్యాలెండర్ మాస్టారు అతనే. కుక్కపిల్లని ఎత్తుకున్న పాప, పూలబుట్టతో నిలబడ్డ అమ్మాయి, చంకలో బిడ్డతో చిరునవ్వు నవ్వే తల్లి. మంగలిషాపులో చూసినా, మందులషాపులో చూసినా అవే. ప్రతి బుగ్గా నిగనిగలాడుతూ ఉంటుంది, ప్రతి కంట్లోనూ ఒక తెల్లచుక్క మెరుస్తూ ఉంటుంది. జనం ఏడాది అయిపోయాక కూడా తేదీలు కత్తిరించి పారేసి బొమ్మ దాచుకునేవాళ్ళు. అతనికి కుంచె పట్టుకోవడం నేర్పింది అక్కే. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి కుట్టుమిషను తొక్కి ఇద్దర్నీ పెంచింది. తల్లి మిషను దగ్గర ఉంటే, వీడు ఏడవకుండా చూసుకునే పని అక్కది. కత్తిరింపుల్లో మిగిలిన కాగితాల మీద బొగ్గుతో వాడి చెయ్యి పట్టుకుని గీయించేది. అంచేత వాడికి ఆమె అక్కా, గురువూ రెండూను.

మనసుకి నచ్చిన బొమ్మ ఒకటి తయారైనప్పుడల్లా తమ్ముడు దాన్ని అక్క దగ్గరికి తెచ్చేవాడు. ఆమె మేకుకి తగిలించేది. అతను పక్కన పీట మీద కూర్చునేవాడు. ఆమె తలవంచుకుని తినేది. మధ్యలో మంచినీళ్ళు తాగడానికి కూడా తల ఎత్తేది కాదు. మిగతావాళ్ళకైతే పొద్దున్నే మొహం మీద చెప్పేసే మనిషి, తమ్ముడితో మాత్రం "చూద్దాంలేరా" అని నీళ్ళు నమిలేది. వారం తిరిగాక అతనే వచ్చి, ఎవరో పార్టీ అడుగుతున్నారక్కా అని చెప్పి బొమ్మ పట్టుకుపోయేవాడు. ఏ పార్టీ అడగలేదని ఆమెకి తెలుసు. తెలుసని అతనికీ తెలుసు. ఇద్దరూ ఆ తంతు ముగించుకుని, టీ తాగి, ఎండ గురించీ కరెంటు గురించీ మాట్లాడుకునేవాళ్ళు. నోరు తెరిస్తే తమ్ముడి మనసు విరిగిపోతుందని ఆమె భయం. నోరు మూసుకోవడమే ప్రేమ అనుకుంది ఆ వెర్రితల్లి.

ఇలా ఉండగా లైబ్రరీ వాళ్ళు కబురు పెట్టారు. లైబ్రరీ మేడ మీద కొత్తగా ఒక హాలు కట్టారు. అక్కడ మొదటి ప్రదర్శనగా, ఒక ఆర్టిస్టు తన కోసం దాచుకున్న బొమ్మలు పెట్టాలని లైబ్రేరియన్ ఉబలాటం. ఆయన సన్నగా, ఎప్పుడూ కంగారుగా ఉండే మనిషి. మేడమ్, మీ గోడని ఉన్నదున్నట్టుగా మా హాల్లోకి తెచ్చిపెట్టండి చాలు, ప్రారంభం రోజున ఏ బొమ్మ ఎందుకు నచ్చిందో నాలుగు మాటలు చెప్పండి అన్నాడు. తెరలక్కకి లోపల పొంగిపోయినంత పనైంది. ఆమె రాసిన తెరల ముందు ఎందరో నిలబడి చప్పట్లు కొట్టించుకున్నారు గానీ, తెర వంక చూసినవాడు లేడు. ఇప్పుడు ఆమె కన్ను చూడ్డానికి జనం రాబోతున్నారు. నాలుగు మాటలు మాత్రం నావల్ల కాదని చెప్పేసింది. నచ్చింది కాబట్టి నచ్చింది, అంతకంటే ఏం చెప్పను అంది.

ఆ వారంలోనే మరదలు, తమ్ముడి భార్య, వచ్చింది. వస్తూనే కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడి చెప్పేసింది. ఆయన చూపు పోతోంది. రెండు కళ్ళల్లోనూ నడిమధ్య చూపు చెదిరిపోతోందని, పోయింది తిరిగి రాదని, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరు అన్నాడట. ఏదైనా చూడాలంటే దానివైపు చూడకూడదు, పక్కకి చూడాలి. అప్పుడు ఓరగా కాస్త కనిపిస్తుంది. ఈ సంగతి అతను ఏడాదిగా దాస్తున్నాడు. మొన్న ఒక పాప బొమ్మకి కంట్లో చుక్క బుగ్గ మీద పెట్టేసరికి బయటపడింది.

తెరలక్క మరదల్ని పట్టుకుని కూర్చోబెట్టింది. ఏమంటున్నాడు వాడు అని అడిగింది.

"ఏమీ అనడం లేదు వదినా. అన్నం తింటున్నారు, పడుకుంటున్నారు. ఒక్క మాట మాత్రం అన్నారు. అక్క గోడ మీద నా బొమ్మ ఒకటి చూసుకుని పోతే చాలు ఈ కళ్ళు అన్నారు."

మరదలు ఊరుకోలేదు. ఇన్నాళ్ళు నేనొక్కసారి కూడా మిమ్మల్ని అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను, లైబ్రరీలో ఒక్కటి పెట్టండి, మీ సొమ్మేం పోతుంది అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? ఎవరికైనా న్యాయమే అనిపిస్తుంది. కానీ జాలిపడి పెడితే వాడు కనిపెట్టేస్తాడని తెరలక్క భయం. కళ్ళు పోతున్నాయి గానీ అక్కని చదవడం మర్చిపోలేదు వాడు. జాలితో పెట్టినట్టు తెలిసిందా, పెట్టకపోవడంకంటే ఘోరం. పెట్టకపోతే వాడు ఆ ఆశతోనే చీకట్లోకి పోతాడు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యిగా ఉంది ఆమె పరిస్థితి.

మర్నాడు తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళిన వేళ చూసుకుని ఆమె అతను బొమ్మలు వేసుకునే కొట్టుకి వెళ్ళింది. మరదలు తాళం తీసి ఇచ్చి బయట కూర్చుంది. లోపల గోడకి చేరేసిన బొమ్మలు ఒక్కొక్కటే తీసి వెలుగులో పెట్టి చూసింది తెరలక్క. ఎలాగైనా ఒకటి నచ్చాలి. అంత పట్టుదలగా ఆమె ఎప్పుడూ ఏ బొమ్మనీ చూడలేదు. పూలబుట్ట అమ్మాయి దగ్గర నిలబడింది, దూరం జరిగింది, తల పక్కకి వంచింది. ఊఁహూఁ. కుక్కపిల్ల దగ్గర నిలబడింది. ఊఁహూఁ. ఒక్కటైనా దొరక్కపోతుందా అని చెమటలు కక్కుతూ అటకమీదివి కూడా దించింది. అన్నీ నవ్వుతూ ఆమె మొహంలోకే చూస్తున్నాయి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

వెళ్ళిపోదామని తలుపు మూయబోతే, తలుపు వెనక ఉన్నదాని మీద కన్ను పడింది. నిలువెత్తులో సగం ఉండే అట్ట. బూడిదరంగు, అక్కడక్కడ నీలం, కిందిమూల ఎర్రటి గీత ఒకటి జారి ఆగిపోయింది. ఆమె చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. వాన వెలిసిన సందులా ఉంది, మనిషి ఇప్పుడే వెళ్ళిపోయిన గదిలా ఉంది. దేన్నీ ఎవరికీ చూపించడానికి వేసినట్టు లేదు. ఎంతసేపు నిలబడిపోయిందో ఆమెకే తెలియదు.

అది ఏమిటో ఆమెకు తెలియక కాదు. తమ్ముడు పని చేస్తూ చేస్తూ కుంచెలు తుడుచుకునే అట్ట. ఏళ్ళ తరబడి తుడవగా తుడవగా అలా తయారైంది. అయితేనేం? వాడి చేతి కిందదే కదా, వాడి రంగులే కదా. అబద్ధం ఆడక్కర్లేకుండా తమ్ముడు గోడ ఎక్కే దారి దొరికిందని ఆమె గుండెలమీద నుంచి బండ దిగినట్టయింది. అట్టముక్కొకటి తీసుకెళ్తున్నానమ్మా అని మరదలితో చెప్పి పట్టుకుపోయింది. మూట కట్టుకోవడానికేమో అనుకుంది మరదలు. ఆ పూట ఇంట్లో మేకుకి తగిలించి భోజనానికి కూర్చుంటే, తెరలక్క తల పళ్ళెంలోకి దిగనే లేదు. తినడం మానేసి చూసింది.

చూశారా, అంత కన్నున్న మనిషి కూడా ఎలా పప్పులో కాలేస్తుందో. వేరే ఏ ఆడపడుచైనా కళ్ళు మూసుకుని పూలబుట్ట అమ్మాయిని తగిలించి పుణ్యం కట్టుకునేది. ఈమెకి ఆ బుద్ధి పుట్టలేదు. నిజం చెప్పానన్న సంతోషంలో, ఆ నిజం అవతలివాడికి ఎక్కడ తగులుతుందో చూసుకోలేదు. మంచి నల్లచెక్క ఫ్రేము కట్టించి, లైబ్రరీ హాల్లో ఎదురుగోడకి నట్టనడుమ పెట్టింది.

ప్రారంభం రేపనగా మధ్యాహ్నం, జనం రాకముందే తీరిగ్గా చూసుకుపొమ్మని తమ్ముడికి కబురు చేసింది. నీది కూడా ఉందిరా అని చెప్పి పంపించింది. భార్య మోచెయ్యి పట్టుకుని అతను మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. చంకలో కాగితం చుట్టిన బొమ్మ ఒకటి ఉంది. అక్కకి ఇవ్వాలని తెచ్చాడట, తర్వాత చూద్దువుగాని అన్నాడు. లైబ్రేరియన్ కిందికి పోయి కుర్చీలు సర్దించుకుంటున్నాడు. హాల్లో ముగ్గురే ఉన్నారు.

అతను గోడ వెంట నెమ్మదిగా నడిచాడు. ప్రతి బొమ్మ ముందూ ఆగి, మొహం పక్కకి తిప్పి, ఓరగా చూశాడు. డ్రైవరు బొమ్మ దగ్గర నేలమీద కూర్చుని మరీ చూశాడు. బాగుందక్కా అన్నాడు, మనస్ఫూర్తిగానే. తెరలక్క వెనకాలే నడుస్తోంది. ఎదురుగోడ దగ్గరపడేకొద్దీ ఆమె అతనికి ఇంకా దగ్గరగా జరిగింది. సంతోషపడతాడనే అనుకుంటోంది.

నల్లఫ్రేము ముందు అతను ఆగాడు. ఇటు తిరిగి చూశాడు. అటు తిరిగి చూశాడు. తనది కానిదేదో అనుకుని పక్క బొమ్మకి జరగబోయాడు. ఆమె ఆపి, ఇదేరా అంది. అతను మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఏమిటిది అని భార్యని అడిగాడు.

మరదలికి లోకం తెలియదు. దగ్గరికి వెళ్ళి చూసి, ఉన్నమాట చెప్పేసింది. "మీరు కుంచెలు తుడుచుకునే అట్ట కదండీ ఇది. తలుపు వెనకది."

కింద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు మేడమీదికి వినిపిస్తోంది. తెరలక్క గబగబా చెప్పబోయింది. ఒరేయ్, నా మాట విను, నువ్వు చేసినవాటిల్లోకెల్లా ఇదే నాకు, అని మొదలుపెట్టేసరికి అతను చెయ్యెత్తి ఆపాడు.

"నేను వేసినవాటిల్లో నేను వెయ్యనిదే నీకు నచ్చిందన్నమాట" అన్నాడు.

తెరలక్కకి అప్పుడు అర్థమైంది తను చేసిన పని. తల కొట్టేసినట్టయింది. కిందికి పోయి మంచినీళ్ళు తీసుకురమ్మని భార్యని పంపేశాడు అతను. ఆమె మెట్లు దిగేదాకా ఆగాడు. ఆ తర్వాత చంకలోని బొమ్మ కాగితం విప్పి, తడుముకుంటూ బెంచీ మీద గోడకి చేరేసి నిలబెట్టాడు.

అమ్మ. కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పాదాల దగ్గర ఇద్దరు పిల్లలు, కత్తిరింపు కాగితాలు. అమ్మ మొహం నిగనిగలాడుతోంది. మిషను చక్రం మీద ఒక చెయ్యి పెట్టి, తలెత్తి నవ్వుతోంది.

"చూపు పూర్తిగా పోయేలోపు వేద్దామని వేశాను. ఇక పెద్దబొమ్మ వెయ్యలేను" అన్నాడు. "దీన్ని పెట్టు. లేదా ఎందుకు పెట్టవో చెప్పు. చూద్దాంలేరా అనకు. ఇన్నేళ్ళూ నువ్వు తింటుంటే పీట మీద కూర్చుని నీ తల వంక చూశానక్కా. ఒక్కసారైనా తిట్టు. నాలో ఏం లేదో చెప్పు."

పెట్టేస్తాను అని తెరలక్క నోటిదాకా వచ్చింది. పెట్టేస్తే ఈ నిమిషం గడిచిపోతుంది. రేపు జనం వస్తారు, మెచ్చుకుంటారు కూడా. తమ్ముడు మొహం పక్కకి పెట్టి ఆమెనే చూస్తున్నాడు, ఆమె ముఖంలో ఏ గీత కదులుతుందో అని. ఆమె అబద్ధం వెతుక్కుంటూ హాలంతా ఒకసారి కలయజూసింది. డ్రైవరు నిద్రపోతున్నాడు. బట్టలు పిండే ఆమె వీపు తిప్పుకుని ఉంది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కోటు ముందు మనిషే లేడు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆమె వైపు చూడటం లేదు. లైబ్రేరియన్ ఎంత బతిమాలినా దొరకని మాట ఆమెకి అప్పుడు దొరికింది. దొరక్కపోయినా బాగుండునని అనిపించింది.

"అమ్మ మిషను తొక్కేటప్పుడు తలెత్తేది కాదురా" అంది. "సూది వేల్లోకి దిగుతుందని మనం పిలిచినా పలికేది కాదు. నీకు జ్ఞాపకం లేదా?"

"ఉంది."

"మరి తలెందుకు ఎత్తించావ్? నీ బొమ్మల్లో ఎవరి పని వాళ్ళు చేసుకోరురా. కుక్కపిల్లని ఎత్తుకున్న పిల్ల కుక్కపిల్లని చూడదు. బిడ్డని ఎత్తుకున్న తల్లి బిడ్డని చూడదు. అందరూ మనవైపే చూస్తారు. బాగున్నానా, నచ్చానా అని ప్రాణం తోడేస్తారు. నాకు ఊపిరాడదు. అందుకే తల వంచుకుని తినేదాన్ని. చూసేవాళ్ళంటే నీకు అంత భయం ఎందుకురా? ఎవరికి నచ్చాలని?"

చెప్పేసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. తమ్ముడు బెంచీ అంచు తడుముకుని, బొమ్మ పక్కనే కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు.

"జనానికి నా బొమ్మలు మొదటిరోజు నుంచీ నచ్చాయక్కా" అన్నాడు. "వాళ్ళ గురించి నాకెందుకు బెంగ? ఆ పిల్లలూ ఆ తల్లులూ అడిగింది నిన్ను. నువ్వు తలెత్తుతావని వాళ్ళందరి తలలూ నీవైపు తిప్పాను. ఎంతకీ ఎత్తవు. పోయినసారి కంటే బాగా నవ్వితే ఎత్తుతావేమోనని ఇంకాస్త నవ్వించేవాణ్ణి."

తెరలక్క నేలమీద కూలబడిపోయింది. ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఇది మొదట్లో చెప్పి ఉంటే తలలు తిప్పేసేవాణ్ణి కదా, ఎంత పని అది అని గొణుక్కున్నాడు. ఆమెకి ఆ మాట కొరడాతో కొట్టినట్టు తగిలింది. మనసు విరుగుతుందని దాచిన మాట, విరక్కుండా నిలబెట్టేదేమోనన్న సంగతి ఇన్నేళ్ళకి తెలిసింది. తెలిసి ఏం లాభం? మరదలు నీళ్ళు తెచ్చేసరికి అతను బొమ్మకి మళ్ళీ కాగితం చుట్టేస్తున్నాడు. అట్ట సంగతి తెరలక్కే అడిగింది, దించెయ్యనా అని. ఉంచు, నిజంగానే బాగుందేమో, నాకు సరిగా కనబడ్డం లేదు అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో ఆమెకి అంతుపట్టలేదు. భార్యాభర్తలిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న లైబ్రరీ వాకిలి జనంతో నిండింది. లైబ్రేరియన్ గుమ్మంలో నిలబడి రోడ్డువైపు చూస్తూ చేతులు నలుపుకుంటున్నాడు. మేడమ్ జాడ లేదు. ఆయన ఆమె ఇంటికి మనిషిని పంపాడు, తాళం వేసి ఉందన్నారు. చివరికి ఆయనే ఏవో నాలుగు మాటలు చెప్పి తలుపులు తెరిచాడని తర్వాత అనుకున్నారు.

తెరలక్క ఆ పాటికి తమ్ముడి కొట్టులో ఉంది. తెల్లారకముందే వెళ్ళి తలుపు తట్టింది. తమ్ముడు తీసి, ఎందుకొచ్చావని అడగలేదు. ఈవేళ నీ పండగ కదా అన్నాడంతే. అది ఎక్కడికీ పోదు, నీ చూపే ఆగదు, తియ్యి బొమ్మలన్నీ అంది ఆమె. అతను పక్కకి తప్పుకున్నాడు.

ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చెప్పసాగింది. దాచలేదు. ఈ పూలు కోసినవి కావురా, కొన్నవి. ఈ బిడ్డ బరువు తల్లి చేతిమీద పడలేదు. ఈ వెలుగు నాలుగు పక్కల నుంచీ వస్తోంది, నీడ లేక ఆ అమ్మాయి నేలమీద నిలబడ్డట్టు లేదు. అతను స్టూలు మీద కూర్చుని, మొహం పక్కకి పెట్టి వింటున్నాడు. కొన్నింటికి ఒప్పుకున్నాడు. కొన్నింటికి గట్టిగా ఎదురు తిరిగాడు, నీ మొహం, నీకు పూల సంగతి ఏం తెలుసు అన్నాడు. ఆమె కూడా తగ్గలేదు. మధ్యలో మరదలు టీ తెచ్చి, ఇద్దరి అరుపులూ విని గ్లాసులు గడప దగ్గరే పెట్టి పోయింది. తిట్టేకొద్దీ అతని వీపు నిటారుగా అవుతోంది. బొమ్మ తర్వాత బొమ్మ పెడుతూ తెరలక్క ఒకచోట ఆగిపోయింది. జడ వేయించుకుంటున్న పిల్ల, వెనక తల్లి. పాత బొమ్మ. రెండు మొహాలూ మామూలుగా ఇటే చూస్తున్నాయి, మామూలుగానే మెరుస్తున్నాయి.

"ఏం, దీన్లో ఏం లోపం?" అన్నాడు తమ్ముడు.

"ఆగు" అంది ఆమె. ఇంకా దగ్గరికి వంగింది. "మొహాలు ఎప్పట్లాగే దండగ. కానీ ఈ తల్లి వేళ్ళున్నాయి చూడు. జడ పాయ బిగించి పట్టుకుంది. ఆ లాగుడికి పిల్ల తల కొంచెం వెనక్కి వాలింది. అది నిజంరా. ఇలా పట్టుకోవడం నా గోడ మీద ఎవడూ వేయలేదు."

అతను స్టూలు మీంచి లేచాడు. మాట వరసకి అంటున్నావా అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"నాకు మాట వరసలు చాతనైతే నీకీ గతి పట్టేదా?"

అతను మొహం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎంత ఓరగా చూసినా ఆ వేళ్ళు అతనికి అందలేదు. ఎక్కడక్కా, నాకు కనబడ్డం లేదు, ఎక్కడో చూపించు అన్నాడు. తెరలక్క అతని చూపుడువేలు పట్టుకుని, నెమ్మదిగా తీసుకెళ్ళి, ఆ తల్లి చేతి మీద ఆనించింది.